అట్టకు తక్కువ, కాగితమునకు ఎక్కువ

పిల్లల ప్రాజెక్టు పనికో, దసరా బొమ్మల కొలువులో నిలుపవలసిన గోపురమునకో, తెఱచినంతనే లోపలినుండి బొమ్మ లేచి నిలుచు పుట్టినరోజు కార్డుకో కావలసిన దళసరి కాగితమును వెదకుచు బజారునకు పోయినవారికి, ఫ్యాన్సీ దుకాణమువాడు నిగనిగలాడు కవరులో పదేసి చొప్పున పేర్చిన రంగురంగుల ముక్కలను చూపి, కొనవచ్చినవాడు జేబు తడిమికొనునంత వెల చెప్పును. ఆ వీధిలోనే నాలుగు గడపల అవతల శుభలేఖలు అచ్చువేయువాడును, మిఠాయి పెట్టెలు కట్టువాడును, లెడ్జర్లు బైండు చేయువాడును ఉదయము మొదలు రాత్రివఱకు ఆ జాతి సరకునే కట్టలుగా తెప్పించి, కోసి, మిగిలిన ముక్కలను తూకమునకు అమ్మివేయుచుందురు. ఈ అంగళ్ల నడుమనున్న వెల భేదమునకు పదార్థము కారణమగుట అరుదు; ఏ-4 కొలతకు కోసి, లెక్కించి, కవరులో పెట్టినందుకు చెల్లించు మూల్యమే అందు అధికభాగము. అయితే శుభలేఖలవాని యొద్ద కొనదలచినవానికి కవరుపైని అంకెలు తోడురావు గనుక, ఆ అంకెలు చెప్పు సంగతిని తన చేతితోనే కనుగొను విద్య కొంత అలవడవలెను.

దుకాణదారులు జీఎస్ఎం అని పలుకునది ఒక చదరపు మీటరు కాగితము ఎన్ని గ్రాములు తూగునో తెలుపు సంఖ్య. జెరాక్సు యంత్రమున వాడు తెల్లకాగితము 70, 80 గ్రాములది. నిలువబెట్టవలసిన చేతిపనికి సుమారు 160 మొదలు 300 వఱకు అనుకూలము. అంతకు తక్కువైనది తన బరువునకే తాను వంగిపోవును. ఎక్కువైనది కత్తెరకు లొంగక, మడత దగ్గఱ పగులును. కేవలము మడతల విద్యను అభ్యసించువారి సంగతి వేఱు. కాగితపు మడతలతో రేఖాగణితమును బోధించుచు 1893లో మద్రాసున టి. సుందరరావుగారు ఆంగ్లమున ప్రకటించిన గ్రంథము లోకప్రసిద్ధమైనది. కిండర్‌గార్టెను పిల్లలకిచ్చు మడతకాగితములే దానికి ప్రేరణ. ఆ మార్గమున నడచువారికి పలుచని కాగితమే మేలు, ఈ వ్యాసముతో పనియు తక్కువ.

రంగు చార్టుల బరువు కంపెనీకొక తీరున ఉండును. దుకాణమువానిని అడిగినచో ‘మంచి గట్టిదండీ’ అనునే గాని అంకె చెప్పడు. అయినను దానిని తెలిసికొనుటకు వంటయింటి తూనికయే చాలును. ఏ-శ్రేణి కాగితములలో పెద్దదైన ఏ-0 వైశాల్యము ఒక చదరపు మీటరు; దానిని నాలుగు మారులు సగము చేయగా వచ్చునది ఏ-4, అనగా పదునాఱవ వంతు. కావున పది ఏ-4 ముక్కలు కలిసి 100 గ్రాములు తూగినచో ఆ కాగితము 160 జీఎస్ఎం. 150 గ్రాములు తూగినచో 240. సగము చేసినను ఆకృతి చెడకుండవలెనన్న నిడివి వెడల్పుల నిష్పత్తి రెంటి వర్గమూలమై యుండవలెనని జర్మను భౌతికశాస్త్రజ్ఞుడు లిఖ్టెన్‌బెర్గు 1786లోనే ఒక లేఖలో వ్రాసియుండెను. 1922లో జర్మనీ దానిని ప్రమాణముగా స్వీకరించినది. తరువాత అది చాల దేశములకు వ్యాపించినది. మన చార్టు మాత్రము ఆ శ్రేణికి చెందక, అంగుళముల కాలమునందే నిలిచిపోయినది. సాధారణముగా దాని కొలత 22 అంగుళములు, 28 అంగుళములు. వైశాల్యము ఇంచుమించు 0.4 చదరపు మీటరు. ఒక పూర్తి చార్టు తూకమును రెండున్నరతో హెచ్చించినచో జీఎస్ఎం తేలును: 60 గ్రాముల చార్టు 150 జీఎస్ఎం, 80 గ్రాములది 200.

ఇంతటితో దృఢత తెలిసినట్లు కాదు. ఒకే 250 జీఎస్ఎం గల రెండు ముక్కలలో ఒకటి నిటారుగా నిలువగా, వేఱొకటి వ్రాలిపోవుట చూచి ఆశ్చర్యపడువారు కలరు. కాలెండర్లకు, విజిటింగు కార్డులకు వాడు ఆర్టు కార్డు సుద్దపూత పూయబడి, ఇనుప రోలర్ల నడుమ నలిగి, మిక్కిలి సాంద్రమై, 250 గ్రాముల బరువునందును సుమారు 0.2 మిల్లీమీటరు మందమే కలిగియుండును. పెట్టెలకై చేసిన వదులైన అట్ట అదే బరువున 0.4 మిల్లీమీటరు ఉండవచ్చును. వంపునకు ఎదురు నిలుచు శక్తి మందము యొక్క ఘనమును అనుసరించునది గనుక, ఒకే పదార్థమున మందము రెట్టింపైనచో దృఢత ఎనిమిదింతలగును. వదులు అట్టలో పదార్థము పలుచబడుటచేత పూర్తిగా ఎనిమిదింతలు కాకపోయినను, మడిచిన పెట్టె గోడ నిలుచుటకు ఆ భేదము చాలును. కాబట్టి అంగడిలో పది ముక్కలను ఒకదానిపై నొకటి పేర్చి స్కేలుతో మందము చూచుట, తూకము చూచుటకంటెను ఎక్కువ సంగతి చెప్పును.

ఈ ఘననియమమునకు హేతువు తెలిసికొనుట వ్యర్థము కాదు. కాగితమును వంచినపుడు వెలుపలి ముఖము సాగవలెను, లోపలి ముఖము కుంచించుకొనవలెను. నడిమి పొర సాగదు, కుంచించుకొనదు, ఇంచుమించు ఊరక ఉండును. అనగా బలమంతయు బయటి పొరలదే. నడిమి పదార్థము వానిని దూరదూరముగా నిలుపుటకు మాత్రము పనికివచ్చును. అట్టల మిల్లులు ఈ రహస్యమును కనుగొని యొక శతాబ్దమునకు పైగా అయినది. 1809లో ఇంగ్లండునందు జాన్ డికిన్సన్ పేటెంటు పొందిన స్తూపాకార యంత్రములను వరుసగా నిలిపినచో, ఒక్కొక్క స్తూపము ఒక్కొక్క తడిపొరను తెచ్చి ముందటిదానిపై వేయగా, అన్నియు కలిసి ఒకే అట్టయై బయటికి వచ్చును. అప్పుడు పైపొరకు మేలైన తెల్లని గుజ్జును, నడుమ పొరలకు పాత పత్రికలు నానబెట్టి తీసిన గుజ్జును వేయవచ్చును. మిఠాయి పెట్టెకు ఒకవైపు తెలుపును, వేఱొకవైపు బూడిదరంగును ఉండుట ఇందువలననే. దీనినే వ్యాపారులు డూప్లెక్సు బోర్డు అందురు. దృఢతకును వెలకును గల పొత్తు చూచినచో ఇంతకు మించిన సరకు బజారున దొరకుట కష్టము. పిల్లలచే పెట్టెలు, ఇండ్లు, బండ్లు చేయించువారు చార్టుకు ముందు దీనినే అడుగవలెనని నా అభిప్రాయము.

ఆ సూత్రమునే ఇంటిలోను ప్రయోగింపవచ్చును. రెండు పలుచని చార్టులను ఊరక ఒకదానిపై నొకటి పెట్టినచో దృఢత రెండింతలే. మైదా జిగురుతో అంతటను సమముగా అతికి, ఒకదానిపై నొకటి జాఱకుండ చేసినచో ఇంచుమించు ఎనిమిదింతలు. దళసరి కాగితము దొరకని పల్లెలలో ఉపాధ్యాయులకు ఇది అందివచ్చు ఉపాయము. అతికినదానిని పలకల నడుమ పెట్టి, బరువుంచి, పూర్తిగా ఆఱువఱకు తీయరాదు. ఏలనగా తడి తగిలిన కాగితము కదలును, ఆ కదలిక అన్ని దిక్కులను ఒకే తీరున నుండదు.

తడి కాగితము ఒకే దిక్కున ఎక్కువగా ఎందుకు కదలవలెను? ఇది చేతిపనివారు మిక్కిలి తఱచుగా ఉపేక్షించు సంగతి; వారి పనులు వంకరపోవుటకు మిక్కిలి తఱచైన కారణమును ఇదియే. యంత్రముపై పుట్టుటకు సిద్ధమైన కాగితము నూటికి 99 పాళ్లు నీరే. ఆ పలుచని గుజ్జు వేగముగా పరుగిడు జల్లెడపై పడినపుడు, గోదావరి వరదలో కొట్టుకొనివచ్చు వెదురుబొంగులు ప్రవాహమువెంట వరుసపడినట్లు, నారలు అధికసంఖ్యలో యంత్రము నడచు దిక్కునకు తిరిగి పరుండును. చేతితో తీసిన కాగితమున ఈ పక్షపాతము స్వల్పము, ఏలనగా తీయువాడు జల్లెడను అటునిటు కుదుపును; ఒకప్పటి నిజాము రాజ్యమునందలి ఔరంగాబాదు చెంత కాగజీపురమున అట్లే తీసెడివారు. 1799లో ఫ్రాన్సున నికొలా లూయీ రాబర్టు నిరంతర యంత్రమునకు పేటెంటు పొందిన నాటినుండి కాగితమునకు ఒక దిక్కు ఏర్పడినది. కఱ్ఱకు వలెనే దీనికిని వాలు కలదు.

ఆ వాలు వెంబడి దృఢత అడ్డముకంటె సుమారు రెట్టింపు, ఒక్కొక్కప్పుడు అంతకును మించి యుండును. నార నీటిని పీల్చినపుడు నిడివిలో నూటికి ఒక పాలైనను పెరుగుట అరుదు గాని, అడ్డముగా అయిదవ వంతు వఱకు ఉబ్బును. కావుననే తడిసిన కాగితము వాలుకు అడ్డముగా సాగును. వాలును కనుగొనుటకు పరికరములు అక్కఱలేదు. కాగితమును మడవక, రెండు అంచులను కలుపునట్లు మెల్లగా వంచి, అరచేతితో నొక్కి చూచినచో ఒక దిక్కున సులువుగా లొంగును, వేఱొక దిక్కున ఎదురుతిరుగును. సులువుగా లొంగినపుడు ఏర్పడు మడత రేఖయే వాలు దిక్కు. చింపిచూచినచో వాలు వెంబడి చీలిక తిన్నగా సాగును, అడ్డముగా వంకరలు పోవును. సందేహము తీరనిచో చిన్న ముక్కకు ఒకవైపు మాత్రము నీరు రాయవలెను. అది గొట్టమువలె చుట్టుకొనును, ఆ గొట్టపు ఇరుసు వాలు వెంబడి ఉండును.

ఇప్పుడు చార్టును కోయుట చూతము. 22, 28 అంగుళముల చార్టునుండి ఒకే తీరున కోసినచో నాలుగు ఏ-4 ముక్కలే వచ్చును. అయితే 28 అంగుళముల అంచువెంట మూడింటిని నిలువుగను, మిగిలిన జాగాలో రెంటిని అడ్డముగను అమర్చినచో అయిదు వచ్చును. లాభమని సంతోషించువాడు వెంటనే గుర్తింపవలసినది, ఆ మూడింటిలో వాలు ఒక దిక్కున, ఈ రెంటిలో వేఱొక దిక్కున ఉండుననుట. అయిదింటిని కలిపి ఒక కట్టలో పెట్టి, ఆఱునెలల తరువాత తీసి ఒకే ఇంటి నాలుగు గోడలు కోసినచో, వర్షాకాలమున ఒక గోడ వంగును, ఇంకొకటి వంగదు. కోసిన వెంటనే ప్రతి ముక్క మూలను పెన్సిలుతో వాలు దిక్కున చిన్న గీటు పెట్టుట మంచిది. ఇంటిలో అతికించునపుడు రెండు పొరలను ఒకే వాలున ఉంచవలెను. అడ్డముగా వేసినచో అవి ఒకదానితో నొకటి పోరాడి పలకను మెలిపెట్టును.

మడత కార్డునకు నడిమి మడత వాలు వెంబడి రావలెను. గుండ్రని బురుజులకు, కలశములకు గొట్టపు ఇరుసు వాలు వెంబడి ఉండవలెను. పెట్టెకు మడతలు రెండు దిక్కులను ఉండును గనుక నిడుపాటి మడతలను వాలు వెంబడి ఉంచి, పొట్టి మడతలను గీటు పెట్టి లొంగదీయవలెను. గీటనగా కత్తితో కోయుట కాదు. కోసినచో వెలుపలి పొర, అనగా బలమునకు ఆధారమైన పొరయే తెగును. ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు వెంబడి గట్టిగా లాగినచో అక్కడి నారల కూడిక సడలి, పొరలు కొంచెము విడి, వెనుకవైపున సన్నని గట్టు లేచును. ఆ గట్టు మడతకు లోపలివైపున ఉండునట్లు మడిచినచో, కుంచించుకొనవలసిన పదార్థమునకు చోటు దొరకి, వెలుపలి ముఖము పగులదు. అచ్చుయంత్రశాలలలో క్రీజింగు అని చేయునది ఇదియే. గాడి పడినవైపునకు మడుచుట సహజముగా తోచును గాని, అది తప్పు.

మన ప్రాంతపు దళసరి కాగితమునకు ఈ గుణములు ఎక్కడనుండి వచ్చుచున్నవో కొంత చెప్పవలెను. భద్రాచలమునకు ఎదుట సారపాకలోని మిల్లు అట్టలకు పేరుపొందినది. కాగజ్‌నగరు, రాజమహేంద్రవరము మిల్లులు వ్రాతకాగితములకు. ఒకప్పుడు వీనికి వెదురు ప్రధానము. నేడు రైతులు పొలములలో పెంచి అమ్ము సుబాబులు, జామాయిల్, సరుగుడు. దేవదారు జాతి చెట్ల నార సుమారు 3 మిల్లీమీటర్ల పొడవుండగా, జామాయిల్ నార ఇంచుమించు ఒక మిల్లీమీటరే. కావున మన కాగితము నునుపుగను, అచ్చునకు అనుకూలముగను ఉండును గాని, మరల మరల మడిచి విప్పు పనిలో త్వరగా అలసిపోవును. రోజుకు పదిమారులు తెఱచి మూయు బొమ్మకు చిక్కని గోధుమవన్నె క్రాఫ్టు కాగితమును వెనుక అతికించుట ఉచితము.

శుభలేఖల దుకాణములను వెదకువారు కాలమెఱిగి పోవలెను. ఆషాఢమునను, మూఢమున పెళ్లిళ్లు ఆగిన దినములలోను అంగడివారికి తీరిక ఉండును. ఏడాది మాఱగానే పాత నమూనా కార్డులు అటకలెక్కును. హైదరాబాదు ఛత్తా బజారువంటి చోట్ల వరుసగా ఇవే దుకాణములు. ఇచటి కార్డులలో మేలైన ఐవరీ కార్డు మొదలు లోహకాంతి గల కాగితములవఱకు ఉండును. లోహకాంతి గలదానిని కొనకముందు ఒక మూల చింపి చూడవలెను: లోపల తెల్లగా నున్నచో రంగు పైపూత మాత్రమే, మడతయందు తెల్లగీటు పడక తప్పదు; చీలికయందును అదే రంగున్నచో గుజ్జులోనే కలిపినది. అచ్చుయంత్రశాలలలో కటింగు మెషీను క్రింద రాలు పట్టీలు వేఱొక నిధి. ఒకే పనినుండి వచ్చిన పట్టీలన్నియు సాధారణముగా ఒకే వాలు కలవియై, ఒకే బరువు కలవియై యుండును; ఫ్యాన్సీ కవరులు కూడ ఇంతటి హామీ ఇయ్యవు. బట్టల దుకాణమున షర్టు మడతలలోని అట్టలు చిన్న పనులకు చాలును. బైండరు వాడు మిల్లు బోర్డు పీఠములకే గాని మడతలకు పనికిరాదు.

వెలతక్కువ సరకునకు ఒక దోషము కలదు: అది వృద్ధాప్యము. కఱ్ఱలో నారలను బంధించియుంచు లిగ్నిన్ అను పదార్థమును రసాయనములతో కరగించి తీసివేసిన గుజ్జు త్వరగా పసుపుబాఱదు. 1879లో జర్మనీయందు కార్ల్ డాల్ కనుగొన్న క్రాఫ్టు విధానము ఇట్టిది. కఱ్ఱను ఊరక నూఱి చేసిన గుజ్జులో లిగ్నిన్ మిగిలియుండి, వెలుతురు తగిలినకొలది పసుపుపచ్చనగును. పత్రికలనుండి పుట్టిన బూడిదరంగు అట్ట ఈ జాతిలోనిదే. దానికితోడు, కాగితమునకు ఇంకు ఊఱకుండుటకై 1807లో ఇల్లిగ్ అనునతడు ప్రకటించిన గుగ్గిలము, పటికల మిశ్రమము ఆమ్లమును విడుచుచు నారలను తినివేయును. తరువాతి కాలమున అనేక మిల్లులు సుద్ద కలిపిన క్షారపద్ధతికి మాఱినవి. కొలువు గోపురము పది దినములు నిలిచిన చాలును గనుక దానికి ఈ చింత లేదు. పెళ్లి ఫొటోల ఆల్బమునకు మాత్రము బూడిదరంగు అట్టను తగులనీయరాదు. అనుమానమున్నచో ఒక ముక్కను సగము కప్పి, కొన్నినాళ్లు ఎండ తగులు కిటికీలో ఉంచినచో రంగుల నిలుకడయు, లిగ్నిన్ గుట్టును రెండును బయటపడును.

కోస్తా జిల్లాలవారు తేమను ఎక్కువగా లెక్కింపవలెను. తెచ్చిన అట్టను చుట్టి మూల నిలుపక, పఱచి, ప్లాస్టికు సంచిలో కప్పి, పైన బరువుంచవలెను. కోసిన ముక్కలను జతచేయునపుడు ఫెవికాల్ వంటి తెల్లజిగురును పలుచగా, అంచులకు మాత్రము రాయుట చాలును. నీరు తక్కువైనకొలది వంకర తక్కువ.

నమూనా చిత్రములను అచ్చు తీయించి చేయువారు జెరాక్సు దుకాణమునకు పోవునపుడు తమ కాగితమును తామే తీసికొనిపోవుట లాభము. యంత్రపు క్రింది అరలో పెట్టిన దళసరి కాగితము రోలరు చుట్టును తిరుగలేక చిక్కుకొనును. ప్రక్కన తెఱచుకొను బైపాస్ ట్రేలో పెట్టి, దళసరి కాగితమునకు చెందిన అమరికను ఎంచుకొనుమని చెప్పినచో యంత్రము మెల్లగా నడచి, రంగుపొడి బాగుగా కరగి అంటుకొనును. ఇచట ఇంకు లేదు, ప్లాస్టికు పొడి మాత్రమే. అది కాగితములోనికి ఇంకక ఉపరితలమున పొరయై నిలుచును గనుక గాఢమైన రంగున్న చోట మడిచినచో రాలి, తెల్లగీటు పడును. ఇంకుజెట్టు ఇంకు ఇంకునది గాని, ఆర్టు కార్డు నిగనిగపై ఆఱక పులుముకొనును. కావున చిత్రమును అమర్చుకొనునపుడే మడత రేఖలపై లేతరంగు వచ్చునట్లు చూచికొనవలెను. వీలుకానిచో గీటు పెట్టిన తరువాత, మడుచుటకు ముందు, ఆ రేఖపై అదే రంగు స్కెచ్ పెన్నును ఒకమారు నడిపి ఆఱనీయవలెను.